నాలుగింటి ఎండ

ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఎవరో ఒకరు వచ్చి పక్కన నిలబడతారు, మీరు గమనించే వుంటారు. పాలగిన్నె పట్టుకుని బయటికొచ్చిన పక్కింటావిడో, గోదావరి స్నానానికి బయల్దేరిన పెద్దావిడో. ఊరికే చూసి పోరు. "అమ్మాయ్, ఆ మూల ఒక చుక్క తప్పింది చూసుకో" అంటారు. మనం చూసుకుంటాం, చెరిపి మళ్ళీ పెట్టుకుంటాం. ఇంకో అయిదు నిమిషాలు ఆగి చెప్పివుంటే గీతలన్నీ అల్లుకుపోయి ముగ్గు మొత్తం నీళ్ళు పోసి కడుక్కోవాల్సి వచ్చేది. అలా చెప్పినందుకు మనకి కోపం రాదు సరికదా, "చూశారా, బతికించారు" అంటాం. అదే, ముగ్గంతా పూర్తయి రంగులు కూడా నింపాక వచ్చి "మధ్యలో వంకర పోయిందే" అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. అవునా, కాదా?

బొమ్మలు వేసేవాళ్ళ సంగతీ ఇంతే. మాట ఒకటే అయినా, అది సగంలో పడిందా, చివర పడిందా అన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది. ఇది నాకు పుస్తకాల్లో చదివితే వచ్చిన జ్ఞానం కాదు. రాజమండ్రిలో గురువారం మధ్యాహ్నాలు మా ఇంటి హాల్లో కూర్చునే నలుగురాడవాళ్ళ మధ్య తెలిసింది.

ఆ నలుగురెవరో చెప్పనివ్వండి. నేను ఒకదాన్ని. ఎదురింటి పిన్నిగారు ఒకరు. చుట్టరికం ఏమీ లేదు, పాతికేళ్ళ ఇరుగుపొరుగు వల్ల వచ్చిన వరస. టీచరుగా చేసి రిటైరైన అక్కయ్యగారు ఒకరు. నాలుగో ఆమె పక్క అపార్టుమెంటులో మూడో అంతస్తులో వుండే అమ్మాయి. ఈ కాలం పిల్ల కదా, వయసుతో పనిలేకుండా మమ్మల్నందర్నీ "ఆంటీ" అంటుంది. రెండున్నరకి వంటింటి పని తెమిలాక కూర్చుంటాం, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకి సర్దేస్తాం. మధ్యలో టీ, చేగోడీలు. చేగోడీలు తిన్న చేత్తో బ్రష్ ముట్టుకుంటే అక్కయ్యగారు ఊరుకోదు. క్లాసులో పిల్లల్ని అన్నట్టే మమ్మల్నీ అంటుంది.

ఖర్చు ఎంతవుతుందో అని మీలో కొందరు భయపడుతూ వుండొచ్చు. మేం వాడేది ఏక్రిలిక్ రంగులు. నీళ్ళతోనే కలుస్తాయి, వాసన వుండదు, గంటలోపు ఆరిపోతాయి. పదహారు అంగుళాలకి ఇరవై అంగుళాల కేన్వాస్ బోర్డు ఒకటి కొంటే రెండు మూడు నెలలు దానిమీదే గడిచిపోతుంది. రంగులు కలుపుకోవడానికి పాత పింగాణీ పళ్ళెం చాలు. అది మళ్ళీ వంటింట్లోకి రాకూడదు, అంతే. చీర మీద పడితే మాత్రం తడిగా వుండగానే సబ్బుతో ఉతికెయ్యండి, ఆరితే ఇక ఆ చీర బొమ్మల చీరే.

సరే, అసలు విషయానికి వస్తాను.

పిన్నిగారి భర్త, మేమంతా బాబాయిగారనేవాళ్ళం, ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. వాళ్ళింటి వరండాలో ఆయన పడక కుర్చీ ఇప్పటికీ అలాగే వుంది. పిన్నిగారు మా దగ్గర మొదట పూలకుండీలు, తర్వాత గోదావరి మీద పడవలు వేసింది. ఆ తర్వాత మాతో చెప్పకుండా ఇంట్లోనే ఒక బొమ్మ మొదలుపెట్టింది. వరండా, ఎర్ర గచ్చు, గ్రిల్లు, ఆ పడక కుర్చీ. మనిషి లేడు. కుర్చీ ఒక్కటే.

నాలుగు నెలలు వేసింది. ఇంటికొచ్చిన వాళ్ళందరూ చూశారు. చూసి "బాగుంది" అన్నారు. ఈ బాగుంది అనే మాట గురించి మీకు నేను కొత్తగా చెప్పాలా? కూర ఎలా వుందండీ అంటే పేపర్లోంచి తల ఎత్తకుండా "ఆఁ, బాగుంది" అంటారు చూడండి, అదీ ఇదీ ఒకటే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పట్టుకోవడానికీ ఏమీ లేదు. అదే పులుసు మరుగుతుండగా గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసి "కాస్త ఉప్పు చూడవే" అన్నప్పుడు "బాగుంది" అనే జవాబు రాదు. "ఇంకొంచెం బెల్లం పడాలి వదినా" అని వస్తుంది. పొయ్యి మీద వున్నది కాబట్టి చెప్పేవాళ్ళకీ చొరవ వుంటుంది, వినేవాళ్ళకీ ఓపిక వుంటుంది.

పిన్నిగారికి ఆ ఉప్పు చూసేవాళ్ళు దొరకలేదు. దొరికిందల్లా వేరే రకం మాట. వాళ్ళ దగ్గరి బంధువు ఒకాయన వచ్చి బొమ్మ ముందు నిలబడి, "ఖాళీ కుర్చీ ఏవిటమ్మా, అరిష్టం. వేస్తే మనిషిని కూచున్నట్టు వెయ్యాలి. అయినా ఈ వయసులో ఈ రంగులెందుకు, రామకోటి రాసుకోక" అని వెళ్ళాడు. పెద్దాయన, మంచి మనసుతోనే అని వుంటాడు. ఆ సాయంత్రమే ఆవిడ బొమ్మని గోడవైపు తిప్పి బీరువా వెనక పెట్టేసింది. తర్వాత రెండు గురువారాలు మా దగ్గరికి కూడా రాలేదు. మోకాళ్ళ నొప్పులంది.

ఆ పిల్ల, మూడో అంతస్తు అమ్మాయి, వెళ్ళి కూపీ లాగింది. పాత తువ్వాల్లో చుట్టి ఆ బోర్డు చంకలో పెట్టుకుని, వెనకే పిన్నిగారిని నడిపించుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. "ఎలాగూ పారేసేదే కదా ఆంటీ, పారేసే ముందు మాకు ఒకసారి చూపించండి" అందిట.

మాకు ఒక అలవాటు వుంది. బొమ్మని కుర్చీకి ఆనించి, పదడుగులు వెనక్కి వెళ్ళి కూర్చుంటాం. దగ్గర్నుంచి చూస్తే గోరంత తప్పులే కనపడతాయి, దూరంనుంచి చూస్తేనే బొమ్మ కనపడుతుంది. కళ్ళు సగం మూసి చూస్తే ఇంకా మంచిది, వెలుగెక్కడుందో చీకటెక్కడుందో తేలిపోతుంది. వేసినావిడే ముందు మాట్లాడాలి. "ఎలా వుంది?" అని అడగడం లేదు మాలో. "ఇందులో మీకేం కనపడాలని?" అని మేం అడుగుతాం.

పిన్నిగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాలుగింటి ఎండ" అంది. "ఆయన మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేచి ఆ కుర్చీలో కూచునేవారు. కాఫీ అక్కడే తాగేవారు. నేను కాఫీ పట్టుకెళ్ళే సరికి గ్రిల్లులోంచి ఎండ గచ్చు మీద పడివుండేది. అదే వెయ్యాలనుకున్నా. రావట్లేదు."

అరిష్టం మాట ఎవరం ఎత్తలేదు. ఓదార్పు మాటలూ ఆడలేదు. మూడో అంతస్తు అమ్మాయి తల పక్కకి వంచి చూసి, "ఎండ ఎటునుంచి వస్తుంది ఆంటీ?" అంది.

"పడమర నుంచి, గ్రిల్లు వైపు నుంచి."

"మరి కుర్చీ నీడ దాని కిందే ఇంత వుండలా వుందేం? అది పన్నెండింటి నీడ కదా. నాలుగింటికి నీడ లోపలి వైపుకి పొడుగ్గా పడాలి కదా?"

పిన్నిగారు లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళి వేలితో ఆ నీడ మీద రాసింది. ఆ క్షణంలో ఆవిడ మొహం చూడాల్సింది. నాలుగు నెలలుగా ఎక్కడో ఏదో లోపం అని తెలుస్తోంది, ఏదో తెలియడం లేదు. కుర్చీ నేలకి ఆనకుండా గాల్లో వున్నట్టు వుందని ఆవిడకీ అనిపించిందట. ఇప్పుడు ఫలానా చోట అని ఒకరు వేలు పెట్టి చూపించారు. రోగం పేరు తెలిసినవాళ్ళ మొహంలో వచ్చే తేట చూశారా, అది వచ్చింది.

అప్పుడు అక్కయ్యగారు అంది: "పిన్నిగారూ, కోప్పడకండి. కుర్చీ గుడ్డ మరీ బిగువుగా వేశారు. కొత్త కుర్చీలా వుంది. అన్నేళ్ళు మనిషి కూచున్న గుడ్డ మధ్యలో జారి వుంటుంది కదండీ."

ఈసారి పిన్నిగారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. బాబాయిగారు పోయాక వాళ్ళబ్బాయి ఆ గుడ్డ ఉతికించి, మళ్ళీ బిగించి పెట్టాడట. ఆవిడ చూసి వేస్తున్నది ఆ బిగించిన గుడ్డని. తనకి వెయ్యాలని వున్నది మాత్రం ఆయన బరువుకి జారిపోయిన పాత గుడ్డని. "అందుకా" అంది, చాలా చిన్నగా.

అక్కయ్యగారు ఉత్సాహం కొద్దీ లేచి బ్రష్ తీసింది. "ఆ వంపు ఎలా వస్తుందో చూపిస్తా వుండండి" అని. పిన్నిగారి చెయ్యి తెలియకుండానే బొమ్మకి అడ్డం వెళ్ళింది. అక్కయ్యగారు వెంటనే తగ్గి, పక్కనున్న న్యూస్‌పేపరు మార్జిన్లో పెన్సిలుతో ఆ వంపు గీసి చూపించింది. ఒకరి బొమ్మని ఇంకొకరు ముట్టుకోకూడదన్నది మా హాల్లో కట్టుదిట్టమైన నియమం. మరీ అంత పట్టింపా అంటారేమో, దాని వెనక ఒక కథ వుంది. ఇది పారిస్‌లో నిజంగా జరిగింది.

బెర్త్ మోరిసో అని ఫ్రాన్సులో గొప్ప చిత్రకారిణి. 1841లో పుట్టింది. ఆవిడా, అక్క ఎడ్మా ఇద్దరూ బొమ్మలు నేర్చుకున్నారు, కోరో అనే పేరున్న చిత్రకారుడి దగ్గర కూడా పాఠాలు చెప్పించుకున్నారు. 1869-70 చలికాలంలో ఎడ్మా పుట్టింటికి వచ్చి వుంది, కడుపుతో వుంది. అమ్మ నల్ల దుస్తుల్లో పుస్తకం చదువుతుంటే, పక్కన సోఫాలో ఎడ్మా తెల్లటి దుస్తుల్లో కూర్చుని వున్న బొమ్మ ఒకటి బెర్త్ మొదలుపెట్టింది. దాన్ని సలోన్ అనే పెద్ద ప్రదర్శనకి పంపాలి. వాళ్ళింటికి వచ్చిపోయే చిత్రకారుడు ఒకాయన చూసి తల సరిగ్గా కుదరలేదన్నాడు. బెర్త్ దిగులు పడింది. కుటుంబ స్నేహితుడు ఎడ్వార్డ్ మానేకి ఈ సంగతి చెప్పుకుంది. ఆయన అప్పటికే పేరుపడ్డ చిత్రకారుడు.

మానే వచ్చాడు. చాలా బాగుంది, ఒక్క కింది కుచ్చిళ్ళు తప్ప అన్నాడు. అని ఊరుకోక బ్రష్ తీసుకుని ఒకటి రెండు దిద్దుళ్ళు దిద్దాడు. అవి బాగానే వచ్చాయి, తల్లి మురిసిపోయింది. ఇక ఆయన ఆగితేనా! కుచ్చిళ్ళ నుంచి రవికకి, రవిక నుంచి తలకి, తల నుంచి వెనకాల గోడకి పోయాడు. ఒకటే జోకులు, నవ్వులు. రంగుల పలక ఆవిడ చేతిలో పెట్టడం, మళ్ళీ లాక్కోవడం. సాయంత్రం అయిదయ్యే సరికి అది బెర్త్ వేసిన బొమ్మ కాకుండా పోయింది. కింద బండివాడు బొమ్మ తీసుకెళ్ళడానికి నిలబడి వున్నాడు. ఎలా వున్నదాన్ని అలాగే ఎక్కించేశారు. సలోన్ వాళ్ళు తిరగ్గొడితే బాగుండునని ఆవిడ కోరుకుందంటే ఎంత కష్టపడిందో ఆలోచించండి. తల్లికి ఇదంతా నవ్వులాటగా వుంది. బెర్త్ మాత్రం తన గోడు అక్కకి ఉత్తరంలో రాసుకుంది. సలోన్ వాళ్ళు తీసుకున్నారు కూడా, 1870లో ప్రదర్శించారు.

మానే చెడ్డవాడేం కాదు. ఆయన తమ్ముణ్ణే బెర్త్ 1874లో పెళ్ళి చేసుకుంది. ఆయన చెప్పిన సలహా కూడా తప్పు కాకపోవచ్చు. కానీ ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో వుంది, మా అమ్మాయి అక్కడికి వెళ్ళినప్పుడు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. నేను పెద్దది చేసి చూశాను. అమ్మగారి మొహం, నల్ల దుస్తులు ఒక చెయ్యి. ఎడ్మా మొహం, ఆ తెల్లటి దుస్తులు ఇంకో చెయ్యి. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ రెండు చేతులూ కలవలేదు. కోడలు వండిన పులుసులో అత్తగారు వచ్చి తన చేత్తో ఇంకో గుప్పెడు కారం వేసి పోయినట్టుంది. రుచి పెరిగిందే అనుకోండి, కానీ ఆ పూట వంట ఎవరిది?

ఈ కథలో నాకు బెర్త్ కంటే ఎడ్మా మీదే ఎక్కువ జాలి. 1869లో నౌకాదళంలో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుని వెళ్ళాక ఆవిడ బొమ్మలు దాదాపుగా వదిలేసింది. ఎవరూ వద్దన్నట్టు లేదు. సంసారం, ఊరు మారడం, పిల్లలు. చెల్లెలికి రాసిన ఉత్తరాల్లో తన మనసు ఆ స్టూడియోలోనే తిరుగుతోందన్నట్టు రాసుకుంది. ఇద్దరక్కచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడి వేసినన్నాళ్ళూ ఒకరికొకరు ఉప్పు చూసుకున్నారు. విడిపోయాక ఒకరిది ఆగిపోయింది. కారణాలు వేరే ఎన్నో వుండొచ్చు, కానీ పక్కన నిలబడి చూసే మనిషి లేకపోవడం చిన్న కారణం మాత్రం కాదని నా అభిప్రాయం.

అంత దూరం దేనికి, మా ఊళ్ళో దామెర్ల రామారావు గారి పేరు మీద చిత్రకళా మందిరం వుంది కదా. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి. పట్టుమని ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. కాలేజీ ప్రిన్సిపాలుగా వున్న కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి వెన్ను తట్టకపోతే బొంబాయి వెళ్ళి చిత్రకళ చదివేవాడో లేదో. నాకు అంతకన్నా నచ్చే విషయం, ఆయన భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కూడా బొమ్మలు వేసేవారు. వందేళ్ళ కిందట, ఇంట్లో ముగ్గురు! ఎవరి బొమ్మ సగంలో వుంటే ఎవరు చూసి ఏమనుకునేవారో అని ఆ మందిరానికి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను. మీరు ఇటువైపు వస్తే తప్పకుండా చూడండి.

ఇక పిన్నిగారి బొమ్మ సంగతి. ఆ మర్నాడు నాలుగింటికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఎండ గచ్చు మీద పడగానే కుర్చీ నీడ చుట్టూ ముగ్గు సుద్దతో గీత గీశాం. త్వరగా గియ్యాలి, నీడ ఆగదు కదా. పది నిమిషాలు దాటితే గీత ఒకచోట, నీడ ఒకచోట. తర్వాత దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నాం. ఆ నీడ చివర సరిగ్గా గుమ్మం దాకా వెళ్ళింది. పిన్నిగారు అక్కడే నిలబడి చూసింది. "కాఫీ పట్టుకుని నేను ఇక్కడే నిలబడేదాన్ని" అంది.

కుర్చీ గుడ్డని వాళ్ళబ్బాయి చేతే వదులు చేయించాం. పాపం, అతనికి ఎందుకో తెలియదు, అయినా చేశాడు. నీడకి ట్యూబులో వచ్చే నలుపు వాడొద్దని అక్కయ్యగారు పట్టుబట్టింది. నలుపు పెడితే గచ్చుకి బొక్క పడినట్టు వుంటుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి, దాన్ని గచ్చు ఎరుపులోకి కొద్దికొద్దిగా దించితే నీడలో కూడా గచ్చు కనపడుతుంది. ఏక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి ముందు అట్టముక్క మీద వేసి ఆరబెట్టి చూసుకోవాలి. ఆవిడ పదకొండు అట్టముక్కలు వేసింది. లెక్కపెట్టాను. పన్నెండోది అక్కర్లేకపోయింది.

మూడు గురువారాలకి నీడ వచ్చింది. గ్రిల్లు గళ్ళు కూడా గచ్చు మీద ఏటవాలుగా పడ్డాయి. అప్పుడు అద్దంలో చూపించాం. మీ ఇంట్లో ముగ్గులు, ఎంబ్రాయిడరీలు వేసేవాళ్ళు కూడా చేసి చూడండి, అద్దంలో చూస్తే వంకర ఇట్టే దొరుకుతుంది. కుర్చీ వెనక కాలు ఒకటి ఒరిగినట్టు తేలింది. దాన్ని సరిచేసుకుంది, ఎవరం ముట్టుకోలేదు. ఆ బంధువు మళ్ళీ వచ్చినప్పుడు బొమ్మ హాల్లోనే ఎదురుగా వుందట. అరిష్టం మాట అనలేదుట. కాసేపు చూసి, "బావ కాఫీకి లేచేవేళ కదూ ఇది" అన్నాడట. ఆవిడ ఈ మాట మాకు చెప్పేటప్పుడు చేగోడీ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయింది.

బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. పోయిన గురువారం కుర్చీ ముందు ఒక జత చెప్పులు వెయ్యాలంది. బాబాయిగారివి, తోలు చెప్పులు. వేలి దగ్గర వంపు, అరిగిన మడమ అన్నీ ఆవిడకి చూడకుండానే వచ్చు. ఒక్కటే పేచీ. మొనలు గుమ్మం వైపు వుండాలా, వీధి వైపు వుండాలా? గుమ్మం వైపు అయితే లోపలికి వస్తున్నట్టు, వీధి వైపు అయితే వెళ్తున్నట్టు. "మీరేమంటారర్రా?" అని ముగ్గుర్నీ అడిగింది.

అక్కయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. మూడో అంతస్తు అమ్మాయికి కూడా మాట రాలేదు. నేను టీ పెడతానని లేచాను. నేను కప్పులతో తిరిగొచ్చే సరికి పిన్నిగారు సుద్దముక్కతో ఆ రెండు చెప్పులూ బొమ్మ మీద లీలగా గీసి వుంచింది. ఒకటి గుమ్మం వైపు, ఒకటి పక్కకి తిరిగి, నిద్రమత్తులో కాలితో తోసి వదిలేసినట్టుగా.

"ఆయన ఎప్పుడూ ఇలాగే వదిలేవారు. తిన్నగా పెట్టేది నేనే" అంది.

వచ్చే గురువారం వాటికి రంగు వేస్తుంది.